వెనక సీటు మీద నా కుడి కాలు

ముందే చెప్పేస్తాను. నాకు కుడి పాదం లేదు. చీలమండకు జానెడు పైన కోసి కుట్టేశారు. కాలు దక్కుతుందా పోతుందా అని చదివేవాళ్ళు చివరిదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఆ పని ఆసుపత్రి వరండాలో మేము చేశాం, చాలు. ఇప్పుడు పుండు మానింది, జ్వరం లేదు, షుగర్ మాత్రలు వేళకు మింగుతున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని ఒక నర్సమ్మ చెప్పింది. నా మనసు సంగతి ఎలా ఉన్నా, నాలాగా వెనక సీటులో కూర్చునే ఆడవాళ్ళు ఒక్కరైనా కాలు దగ్గర పెట్టుకుంటారని రాస్తున్నాను.

నా పేరు సువార్త. పంజాగుట్టలో ఒక చీరల షాపు పై అంతస్తులో కూర్చుని చీరలకు ఫాల్, పీకో కుడతాను. మా ఆయన దానియేలు. మైత్రీవనం పక్క సందులో లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. ఒక కాలికి ఇనుప పట్టీ, ఒక చంకలో కర్ర. మాకు పిల్లలు లేరు. బోరబండలో కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు ఆయన బండి.

ఎర్రగడ్డలో ఒక మెకానిక్ స్కూటరుకు వెనక చెరోపక్క ఒక చక్రం బిగించి ఇచ్చిన బండి అది. లెక్కపెడితే నాలుగు చక్రాలు అవుతాయి గానీ, దాన్ని అందరూ మూడు చక్రాల బండి అనే అంటారు. ఆపినప్పుడు కాళ్ళు నేలకు ఆనించక్కర్లేదు. మా ఆయనలాంటివాళ్ళకు కాళ్ళంటే అవే. కానీ దాని కష్టాలు దానికున్నాయి. మలుపులో మామూలు బండిలా వంగదు, కూర్చున్న మనిషిని బయటికి నెడుతుంది. గుంతలోకి దిగితే పక్క చక్రాలు రెండూ గుంత గట్ల మీద నిలబడిపోతాయి. ఇంజనుతో తిరిగే నడిమి చక్రం మాత్రం గుంతలో గాలికి వేలాడుతుంది. ఎంత యాక్సిలరేటరు తిప్పినా చక్రం తిరుగుతుందే గానీ బండి కదలదు. అప్పుడు ఎవరో ఒకరు తొయ్యాలి.

తోస్తామని ఎవరైనా వస్తే మా ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఏడో తరగతి దాకా వాళ్ళక్క మార్తమ్మ వీపున మోసుకుని బడికి తీసుకెళ్ళింది. దారిలో పిల్లలు నవ్వేవారట. పెళ్ళి మాటల రోజున ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "నన్నెవరు ఎత్తొద్దు, నా బండి ఎవరు తొయ్యొద్దు. నీకు ఇష్టమేనా?" నేను నవ్వి, "నాకంత బలం యాడుంది?" అన్నాను.

మా చర్చి అమీర్‌పేటలో ఒక సందు లోపల ఉంటుంది. గేటు నుంచి లోపలికి ఎత్తుగా సిమెంటు ర్యాంపు. అంతకు ముందు ఆయన బండిని గేటు బయటే వదిలేసి కర్రతో ఎక్కి వచ్చేవాడట. పెళ్ళయ్యాక మొదటి ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని నేరుగా ర్యాంపు మీదికే పోనిచ్చాడు. నేను భయంతో సీటు కింది కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి మూలుగుతూ మూలుగుతూ పైకెక్కింది. పైన నిలబడ్డ సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి తిరిగి, "చూసినవా, నా బండి!" అన్నాడు. ఆ ముఖం చూసి నేను ఆ మనిషిని ప్రేమించడం మొదలుపెట్టాను. పెళ్ళి చేసుకున్నది అంతకు ముందే అయినా.

ఆ తర్వాత ఒక వానాకాలంలో పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద గుంతలో ఇరుక్కున్నాం. వెనక హారన్లు. ఒకాయన బైకు దిగొచ్చి, "తొయ్యాల్నా అన్నా?" అన్నాడు. "వద్దు భాయ్, చెయ్యి తియ్యి" అని మా ఆయన గట్టిగా అరిచాడు. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు. ఆయన భుజాలు బిగుసుకుపోయాయి. నేను ఎడమ పక్కకు కాళ్ళు వేసుకుని కూర్చుంటాను కాబట్టి నా కుడి కాలు ముందు వైపు ఉంటుంది. చీర కొంచెం ఎత్తి, కుడి కాలు నేలకు ఆనించి, వెనక్కి ఒక్కసారి గట్టిగా తన్నాను. నడిమి చక్రానికి నేల దొరికింది. బండి గుంత దాటింది.

"చూసినవా, నా బండి!"

"చూసిన" అన్నాను.

ఇక అది అలవాటైపోయింది. నాది మిషను తొక్కే కాలు, ఎక్కడ ఎంత తొక్కాలో దానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన భుజం బిగిసిందంటే నా కాలు కిందికి దిగేది. పని కాగానే మళ్ళీ పైకొచ్చి కాళ్ళు పెట్టుకునే పలక మీద బుద్ధిమంతురాలిలా కూర్చునేది. ఆయనకు తెలియలేదు. నేను తెలియనివ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు చెప్పకుండా నేను దాచుకున్నది ఇదొక్కటే. అందరు ఆడవాళ్ళూ పోపుల డబ్బాలో దాచుకుంటారు, నేను చీర అంచు కింద దాచుకున్నాను.

ఆషాఢం

ఆషాఢం అంటే మా షాపులో చీరలు కొండలా పడతాయి. తగ్గింపు ధరలకు కొన్న ప్రతి చీరకూ ఫాల్ కావాలి, అదీ రేపటికే కావాలి. ఆ రోజు సాయంత్రం నేను మెట్లు దిగేసరికి తుంపర పడుతోంది. మా ఆయన బండి మీద రెయిన్‌కోటులో కూర్చుని ఉన్నాడు. "లేటయింది" అంటే, "నీ షాపోళ్ళు నిన్ను సుత సేల్‌ల పెట్టిన్రేమో అనుకున్న" అన్నాడు. ఆయన నాతో సరదాగా ఒక మాట అన్నది అప్పుడే. మళ్ళీ చాలాకాలం అనలేదు.

అమీర్‌పేట వైపు మళ్ళే చోట రోడ్డు తవ్వి, పైన మట్టి పోసి ఉంది. బండి గుంతలో దిగింది. ఆయన భుజం బిగిసింది, నా కాలు దిగింది. ఎన్నోసార్లు చేసిన పనే. కానీ తడి మట్టిలో చెప్పు కూరుకుపోయింది. కాలు తీసుకునేలోపే నడిమి చక్రానికి పట్టు దొరికింది. అదే క్షణంలో ఆయన హ్యాండిల్ మలిపాడు. నా ఒళ్ళు బయటికి తూలింది, పక్క చక్రం నా పాదం మీద ఎక్కి దిగింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది. నొప్పి వెంటనే రాలేదు. రోడ్డు మీద పడి ముందు చెప్పు కోసం వెతుక్కున్నాను, నా తెలివి అంతే.

మా ఆయన గబుక్కున దిగలేడు. దిగాలంటే కర్ర తీసుకోవాలి, పట్టీ గొళ్ళెం వెయ్యాలి, నిలదొక్కుకోవాలి. బండి మీదే వెనక్కి తిరిగి "సువార్తా, సువార్తా" అని పిలుస్తున్నాడు. చెయ్యి చాపుతున్నాడు. ఆ చెయ్యి నాకు అందడం లేదు. కాలు విరిగిన నొప్పి మర్చిపోయాను గానీ గాలిలో ఊగుతున్న ఆ చెయ్యిని మర్చిపోలేదు.

ఒక ఆటో డ్రైవరు బండి ఆపి, తన ఖాకీ చొక్కా విప్పి నా పాదానికి చుట్టాడు. యాదగిరి అట ఆయన పేరు. "అక్కా, జర అటు చూడు, కాలు దిక్కు చూడకు" అంటూ నన్ను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. బనియనుతో వానలో ఆటో నడిపాడు. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. కార్ల మధ్య నుంచి మా బండి దీపం ఆసుపత్రి గేటు దాకా మా వెంటే వచ్చింది.

"ఎలా జరిగిందమ్మా?" అని డాక్టరు అడిగాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు.

"చెప్పు జారింది సార్" అన్నాను.

"కాదు సార్" అన్నాడు మా ఆయన. "మలుపుల జోరుగ తిప్పిన. నేనే పడేసిన."

నీ తప్పు లేదు అన్నాను. అంతకు మించి చెప్పాలంటే చీర అంచు ఎత్తి చూపించాలి. ఆ పూట నాకు ధైర్యం చాలలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

శ్రావణం

ఎముకలు సరిచేసి, కట్టు కట్టి ఇంటికి పంపించారు. మానిపోతుందనే అనుకున్నాం. మానలేదు. కట్టులోంచి వాసన రావడం మొదలైంది. నాకు తెలియకముందే మా ఆయనకు తెలిసినట్టుంది, అగరుబత్తి ఎప్పుడూ వెలిగించని ఇంట్లో అగరుబత్తి కొనుక్కొచ్చాడు. చలి, ఒణుకు, నోట్లో చేదు. మళ్ళీ ఆసుపత్రికి పోతే రక్తం తీసి చూసి, షుగర్ చాలా ఉందన్నారు. ఎప్పటి నుంచో ఉందట. నాకేం తెలుసు? దాహం వేస్తే ఎండ అనుకున్నాను, నీరసం వస్తే సేల్ అనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. మీకు ఎక్కడైనా పుండు పడి మానకుండా సతాయిస్తుంటే పసుపు రాసి కూర్చోకండి, ఆ రోజే వెళ్ళి షుగర్ చూపించుకోండి.

కట్టు మార్చే గది బయట ఒక పొడుగాటి బల్ల ఉండేది. ఆ శ్రావణమంతా నేను ఆ బల్ల మీదే గడిపాను. లోపలి నుంచి వచ్చే కేకలను బట్టి ఎవరి కట్టు విప్పుతున్నారో పోల్చుకునేవాళ్ళం. అక్కడే సాయమ్మ పరిచయమైంది. ఆమెదీ బోరబండే. కూలిపని చేసే భర్తకు మడమ పుండు. నేను కాలు కిందికి వేలాడేసి కూర్చుంటే చూడలేక, "గా కాలు నా ఒళ్ల పెట్టు బిడ్డా, వేలాడితే గుంజుతది" అని నా వాసన కాలిని తన చీర మీద పెట్టుకుంది. నా కన్నతల్లి ఉన్నా ముక్కు తిప్పుకునేదేమో. ఫ్లాస్కులో టీ తెచ్చి మూతలో పోసి ఇచ్చేది, చక్కెర లేకుండా. "మీ ఆయిన ఏడి?" అని అడిగేది. మా ఆయన ఎప్పుడూ వరండా చివర, నాకు కనిపించేంత దూరంలో, కర్రకు ఆనుకుని నిలబడి ఉండేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. కొన్నాళ్ళకు సాయమ్మ రావడం మానేసింది. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు.

మా పెద్దాడబిడ్డ మార్తమ్మ వదిన అన్నం క్యారియరు తెచ్చేది. మనసు వెన్న, నోరు కారం. ఒక రోజు వరండాలోనే అందుకుంది.

"బండి, బండి అని సచ్చిన్రు. ఏమైంది గిప్పుడు? వీన్ని నేను గన్ని ఏండ్లు వీపున మోసిన. ఒక్కనాడన్న కింద పడేసిన్నా?"

"వదినా, ఊకో" అన్నాను.

"నేనెందుకు ఊకోవాలె? ఒరేయ్ దానియేలూ, అమ్మెయ్యి రా దాన్ని. ఇంగొక ప్రాణం తీస్తది."

మా ఆయన తల ఎత్తలేదు. "అవునక్కా" అన్నాడు. జీవితంలో అక్క మాటకు ఎదురు చెప్పకుండా ఉండటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. నా కాలి గురించి కాదు, ఆ "అవునక్కా" గురించి.

చెప్పాలని అప్పుడు కూడా నోటి దాకా వచ్చింది. నీ మలుపు కాదు, నా తాపు అని. కానీ చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్ళూ తనంతట తాను దాటాననుకున్న ప్రతి గుంతనూ నేనే దాటించానని చెప్పినట్టే కదా. చెప్పకపోతే నా కాలు తానే తీశానని కుమిలిపోతాడు. మింగలేను, కక్కలేను. జ్వరం నాకు మేలు చేసింది, ఆలోచించే ఓపిక తీసేసింది.

పాదం తీసెయ్యాలని చెప్పిన రోజు డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడాడు. లేకపోతే పైకి పాకుతుంది, ప్రాణానికే ముప్పు అన్నాడు. మా ఆయన అంతా విని, "సార్, ఒక్క మాట" అన్నాడు.

"చెప్పండి."

"నా కాలు ఏమన్న పనికొస్తదా సార్? నాకైతే ఎట్ల పనికి రాదు. లోపల ఎముకలు మంచిగనే ఉన్నయి. ఆమెకు పెట్టొచ్చా?"

చదువుకున్న మనిషి, లాప్‌టాప్ లోపలి చీమంత భాగాన్ని మార్చగలిగిన మనిషి. ఏది మార్చవచ్చో ఏది మార్చలేమో ఆయనకు తెలియక కాదు. డాక్టరు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. కాలు పోతుందని నేను ఏడ్చింది ఆ ఒక్కసారే, అది కూడా కాలి కోసం కాదు.

దసరా ముందు

పాదం తీసేశాక ఇంటికొచ్చాను. ఊళ్ళో బతుకమ్మ పాటలు మొదలయ్యాయి. పోయిన పాదం నాకు ఇంకా ఉన్నట్టే ఉంది. లేని బొటనవేలు దురద పెట్టేది. గోక్కోవడానికి చెయ్యి చాపితే దుప్పటి తగిలేది. మిషను ముందు కూర్చుంటే లేని పాదం పెడల్ కోసం వెతికేది. ఎడమ కాలితో తొక్కడం నేర్చుకున్నాను, మొదట్లో కుట్టు తాగినవాడి నడకలా పోయేది. అన్నిటికంటే విచిత్రం ఆటోలో. ఆసుపత్రికి పోతూ బోరబండ ఎత్తు ఎక్కుతుంటే, ఇంజను మూలిగిన చప్పుడుకు, లేని కాలు టక్కున కిందికి దిగేది. ఇలా చాలామందికి అవుతుందని నర్సమ్మ చెప్పింది, భయపడొద్దంది. నాకు భయం వెయ్యలేదు. నాకంటే నా కాలికే విశ్వాసం ఎక్కువ అనిపించింది.

కర్రతో నడవడం మా ఆయనే నేర్పించాడు. "కర్ర ముందుగాల, కాలు ఎనుక. నేల దిక్కు చూడకు, ముంగట చూడు." చాలా ఓపికగా, బడి పిల్లకు చెప్పినట్టు. గోడకు రెండు చంక కర్రలు పక్కపక్కనే ఆనించి ఉంటే, "జోడీ కుదిరింది మనకు, ఇన్నాళ్ళూ నేనే పొడుగు పొడుగు అంగలేసిన" అన్నాను. ఆయన నవ్వలేదు. లేచి బయటికి పోయాడు.

బయట బండి మీద నీలం పట్టా కప్పి, తాడుతో కట్టేశాడు. అమ్ముతానన్నాడు గానీ అమ్మలేదు. ముట్టుకోనూ లేదు. పనికి ఆటోలో పోవడం మొదలుపెట్టాడు. మా సందు చివర షేర్ ఆటోలు ఆగుతాయి. కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది. ఒక రోజు ఆటో మెట్టు ఎత్తుగా ఉండి ఎక్కలేకపోయాడు. లోపలివాళ్ళు తొందరపడుతున్నారు. ఇద్దరు దిగి, చంకల కింద చేతులు పెట్టి, సామాను ఎత్తినట్టు ఎత్తి లోపల కూర్చోబెట్టారు. మంచివాళ్ళే, సాయం చేశారు. "చెయ్యి తియ్యి భాయ్" అనే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. తల వంచుకుని ఎత్తించుకున్నాడు. కర్రను ఎవరో లోపలికి అందించారు.

నా కాలు ఒక్కటే పోయింది. ఆయనవి రెండూ పోయాయి.

డిసెంబరు

మా చర్చిలో ఎవరైనా చావు నోట్లోంచి బయటపడి వస్తే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. ఏం జరిగింది, దేవుడు ఎలా కాపాడాడు అని నాలుగు మాటలు. క్రిస్మస్‌కు ముందు ఆదివారం మా వంతు వచ్చింది. ఆటోను గేటు దగ్గర ఆపి, ఇద్దరం రెండు కర్రలతో ఆ ర్యాంపు ఎక్కాం. మధ్యలో రెండు సార్లు ఆగాం.

పాస్టరు గారిది గుంటూరు వైపు. "ఏంటమ్మా, నిలబడగలవా? కూర్చునే చెప్పొచ్చు, పర్లేదు" అన్నారు. నేను లేవబోతుంటే మా ఆయన నా భుజం నొక్కి తానే లేచాడు. మైకు ముందు నిలబడ్డాడు.

"నా భార్య బతికింది, దేవునికి స్తోత్రం. ఆమె కాలు నా వల్ల పోయింది. నాకు లేని కాళ్ళ మీద నేను మస్తు గర్వపడ్డ. బండి నడపొస్తదని గర్వపడ్డ. నా చేతులతోని ఆమెను రోడ్డు మీద పడేసిన. ఇగ నా బతుకుల బండి ముట్ట."

సంఘంలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. మార్తమ్మ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. దేవుడి ఇంట్లో, మైకులో, ఆయన తన మీద తాను అబద్ధపు సాక్ష్యం చెప్పుకున్నాడు. నిజం తెలిసినదాన్ని నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను.

ఇంటికొచ్చాక మధ్యాహ్నం ఇద్దరి ముందూ అన్నం పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నాం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాకు ఉన్నది ఒక్క కాలు, పడితే పడనీ అనుకున్నాను.

"చెప్పు జారలే" అన్నాను. "నేనే కాలు కింద పెట్టిన."

"ఎందుకు?"

"బండి తోసేతందుకు."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "గా ఒక్కనాడేనా?"

నేను పళ్ళెం వైపు చూశాను. డాక్టరు ముందు ఆడిన ఆ ఒక్కటి తప్ప, అబద్ధం ఆడే అలవాటు నాకు కాలి వరకే ఉంది, నోటికి లేదు.

"ఫ్లైఓవర్ కింద?" అన్నాడు.

"ఆ."

"రైతుబజార్ ముంగట బురదల?"

"ఆ."

"బోరబండ ఎత్తు మీద? నిరుటి వానకు, అందరు ఆగిపోతే మనం ఒక్కళ్ళమే ఎక్కినం?"

"ఆ."

ఒక్కో చోటు పేరు చెబుతుంటే ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. నేను ఆ అంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళుగా ఆయన లోపల దాచుకున్న పతకాలన్నీ ఒక్కొక్కటే నా చేత తీయించుకున్నట్టు ఉంది. చివరికి పళ్ళెం పక్కకు జరిపి అడిగాడు.

"చర్చి ర్యాంపు?"

"లేదు" అన్నాను. "ర్యాంపు మీద నేను ఎన్నడు కాలు పెట్టలే. అది నువ్వే ఎక్కించినవ్. ఒట్టు."

నా ముఖం వైపు చూశాడు. నవ్వాడు. అంత దిగులు నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. "మంచిదానివి సువార్తా" అన్నాడు. నమ్మలేదు. నేను చెప్పినవాటిలో ఆయన గుండెకు కావలసింది ఆ ఒక్కటే. అది నిజం. నా ఇన్నేళ్ళ మంచితనం వల్ల ఆ ఒక్క నిజానికి విలువ లేకుండా పోయింది. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా "సరే" అనేవాడు. గొడవ పడినా బాగుండేది.

ఫిబ్రవరి

ఒక శనివారం పొద్దున నేను లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. బయట నీలం పట్టా మడత పెట్టి ఉంది. బండి లేదు. ముందు భయం వేసింది, మరుక్షణం సంతోషం వేసింది. గడప మీద కూర్చుని ఎదురుచూశాను. ఎండ మెట్ల మీదికి వచ్చాక బండి సందులోకి తిరిగింది. ఆయన ముఖం చూస్తే తెలిసింది.

"చర్చికి పోయిన" అన్నాడు. "ఎక్కలే. సగం దాక పోయి చక్రం ఊకె తిరిగింది. వాచ్‌మెన్ వచ్చి కిందికి గుంజిండు." ఇంజను ఆపి, "చెప్పిన్నా? గది సుత నువ్వే తోసినవ్" అన్నాడు.

నేను కోపంతో కర్ర నేలకేసి కొట్టాను. ఇన్నాళ్ళ కోపం అది. రోడ్డు మీద కోపం, షుగర్ మీద కోపం, నా మీద కోపం.

"నెత్తిల ఏమన్న ఉన్నదా నీకు? ఎన్నడన్న ఒక్కనివి ఎక్కినవా ఆ ర్యాంపు? ఎనుక నేను కూసుంటేనే గద నడిమి చక్రం నేలకు ఆనేది! తోస్తేనే సాయమా? కూసుంటే కాదా? నన్ను ఎక్కించుకొని పా."

"సువార్తా..."

"ఇగో చూడు" అన్నాను చీర పైకెత్తి. "పాదమే లేదు. ఇంక దేంతోని తోస్తా?"

ఆయన చాలాసేపు ఆ మొండి కాలి వైపే చూశాడు. కట్టు లేకుండా పగటి వెలుగులో ఆయన దాన్ని సరిగా చూడటం అదే మొదటిసారి. తర్వాత బండిని అరుగు దగ్గరికి జరిపాడు.

మర్నాడు ఆరాధన మొదలవడానికి చాలా ముందే బయలుదేరాం. ఆయన ఎంత నెమ్మదిగా నడిపాడంటే ఎస్సార్ నగర్ దగ్గర సైకిలాయన మమ్మల్ని దాటిపోయాడు. ప్రతి మలుపు ముందూ "పట్టుకున్నవా?" అని అడిగాడు. పట్టుకున్నాను అన్నాను. మీరూ అలాగే పట్టుకోండి. వెనక కూర్చున్నవాళ్ళ పని అదే, కాళ్ళు పలక మీద, చేతులు కడ్డీ మీద. ఇరుక్కుంటే పరువు పోయినా సరే, దిగి తొయ్యండి. నాకు అది చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా వినేదాన్ని కాదు.

చర్చి గేటు తీసి ఉంది. లోపల వాచ్‌మెన్ ఒక్కడే నేల ఊడుస్తున్నాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. మా ఆయన ర్యాంపు ముందు బండి ఆపాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన భుజం బిగిసింది.

నేను రెండు చేతులా కడ్డీ పట్టుకున్నాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. బండి మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చాక వేగం తగ్గింది, చక్రం ఒక్కసారి జారింది. అప్పుడు నా కుడి కాలు, లేని కాలు, చీర అంచు కింది నుంచి కిందికి దిగింది. నేల తగిలింది. సిమెంటు గరుకు అరికాలికి తెలిసింది. ఉన్న బలమంతా పెట్టి వెనక్కి తన్నాను.

ఎక్కింది.

పైన బండి ఆపి ఆయన కదలకుండా కూర్చున్నాడు. మొదట పక్కకు వంగి నా కాళ్ళ వైపు చూశాడు. పలక మీద ఎడమ పాదం ఒక్కటే ఉంది, దాని పక్కన ఖాళీ. అప్పుడు నా ముఖంలోకి చూశాడు. "చూసినవా" అన్నాడు. తర్వాతి రెండు మాటలు రాలేదు. హ్యాండిల్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. వాచ్‌మెన్ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చూసిన" అన్నాను. కాలి సంగతి మాత్రం చెప్పలేదు.